మూడో గొట్టం

ఇరవై ఏడేళ్ల సర్వీసులో నేను తయారు చేసిన కాగితాల్లో ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఇది సొంత డబ్బా కాదు, వరసగా ముగ్గురు జిల్లా అధికారులు నా సర్వీసు రిజిస్టరులో రాసి సంతకం పెట్టిన మాట. అందుచేత ఈ వ్యవహారంలో తప్పెక్కడ జరిగిందా అని వెతకదలచినవారు దయచేసి నా డ్రాఫ్టులో వెతకొద్దని ముందే మనవి.

మాది జిల్లా వస్తు వినియోగ కార్యాలయం. ప్రభుత్వానికి చెందిన కుర్చీ, బల్ల, బకెట్టు, బండి ఏది ఎక్కడుందో, వాడుతున్నారో లేదో లెక్కకట్టడం మా పని. వాటిని చూడటం మా పని కాదు. చూసినవాళ్లు రాసి పంపిస్తారు, మేం కలుపుతాం. నా పేరు మట్టపర్తి ఏడుకొండలు. సీనియర్ అసిస్టెంటుని. కలిపేవాణ్ణి నేనే.

మేముండేది కాలవ గట్టున సర్కారు క్వార్టర్సులో, రెండో అంతస్తు. ఇంట్లో ముగ్గురం. నేను, నా భార్య సత్యవేణి, దొరగారు. దొరగారంటే చేప. ఆస్కార్ జాతి. పదకొండేళ్ల కిందట సత్యవేణి కాకినాడ నుంచి ప్లాస్టిక్ సంచిలో తెచ్చినప్పుడు గోరంత ఉండేవాడు. ఇప్పుడు జానెడు పైన. నల్లటి ఒంటి మీద నారింజ రంగు మచ్చలు. తిండికి ఒకసారి పిలిస్తే కదలడు, రెండోసారి పిలిస్తే తల తిప్పుతాడు, మూడోసారికి గాని రాడు, అందుకని ఆ పేరు. ఎండు రొయ్య సత్యవేణి చేతిలోంచే తింటాడు. నేను పెడితే నోట్లోకి తీసుకుని, నా మొహం ఓసారి చూసి, ఉమ్మేస్తాడు.

దొరగారికి పాత తొట్టి ఇరుకైపోయిందని సత్యవేణి సతాయిస్తే ఈ మధ్యే నాలుగడుగుల కొత్త తొట్టి కట్టించాను. దాని పనితీరు కాస్త చెప్పాలి, అది తెలీకపోతే మిగతాది తెలీదు. తొట్టిలో నీళ్లు నిండి, ఒక మూల కట్టిన సన్నటి గాజు అరలోకి పొర్లుతాయి. ఆ అరలోంచి గొట్టాల గుండా కింది బీరువాలో ఉన్న రెండో తొట్టిలోకి దిగి, అక్కడ శుభ్రపడి, మోటారుతో మళ్లీ పైకొస్తాయి. అరలో గొట్టాలు మూడు.

మొదటి రోజు మోటారు వెయ్యగానే ఇల్లంతా గుడగుడ.

"ఏవండీ, ఇది తొట్టా, హుక్కానా? దొరగారికి కునుకు పట్టట్లేదు" అంది సత్యవేణి.

కునుకు పట్టనిది ఎవరికో నాకు తెలుసు. అయినా పనిలోకి దిగాను. నీళ్లతోపాటు గాలి కూడా గొట్టంలోకి పోవడం వల్ల వస్తుంది ఆ మోత. గొట్టం నిండా నీళ్లే ఉంటే మోత ఉండదు. అందుకని మొదటి గొట్టానికి కింద ఒక వాల్వు పెట్టాను. దాన్ని కాస్త మూస్తే పైన అరలో నీళ్లు లేచి గొట్టం మూతిని ముంచేస్తాయి, గాలి ఆగుతుంది. కాస్త ఎక్కువ మూస్తే ఆ నీళ్లు రెండో గొట్టంలోకి పోటెత్తి అది అరవడం మొదలెడుతుంది. కాబట్టి పావు తిప్పు తిప్పాలి, పది నిమిషాలు ఆగాలి, చెవి ఆనించి వినాలి, మళ్లీ పావులో పావు తిప్పాలి. మూడు ఆదివారాలు పట్టింది. మూడో ఆదివారం భోజనాలయ్యాక వెంట్రుకవాసి తిప్పానో లేదో, మోత ఆగిపోయింది. మోటారు కాలిపోయిందేమోనని కంగారుపడి వంగి చూశాను. తిరుగుతూనే ఉంది. మొదటి గొట్టం నిండుగా పారుతోంది, రెండోదాంట్లో దారమంత ధార, మూడోది పొడిగా ఉంది.

సత్యవేణి వచ్చి కాసేపు నిలబడింది. గోడ గడియారం చప్పుడు వినపడింది. "అబ్బ, చల్లగా ఉండండి" అంది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆవిడ నన్ను దీవించడం అదే మొదలు.

"మరి ఆ మూడోది దేనికండీ? చుక్కైనా పోవట్లేదు."

"చుక్క పోకుండా ఉండటమే దాని ఉద్యోగం. మొదటిదానికి ఏ ఆకో అడ్డం పడిందనుకో, నీళ్లు పైకి లేస్తాయి. రెండంగుళాలు లేవగానే ఆ మూడోది అందుకుని మొత్తం దింపేస్తుంది. ఇల్లు తడవదు, దొరగారికీ ఏమీ అవదు."

"అంటే ఏ పనీ చెయ్యకుండా నిలబడటమే దాని పని."

"ఆయ్."

"మీ ఆఫీసులో కూడా ఉన్నారా అలాంటోళ్లు?"

నేను వంగి వాల్వు ఇంకోసారి తుడిచాను.

ఆ నెలలోనే మా జిల్లా అధికారి చింతలపాటి రామభద్రరాజుగారు క్యాంపుకి బయల్దేరుతూ జీపు వెనక తగిలించి ఉన్న చక్రాన్ని చూశారు. చూడటం రోజూ చూస్తారు. ఆవేళ ఆలోచించారు. క్యాంపు మానేసి నన్ను గదిలోకి పిలిచారు.

"ఏడుకొండలుగారూ, మన జీపుకి చక్రాలెన్ని?"

"అయిదండి."

"తిరిగేవి?"

"నాలుగండి."

"అంటే జీపులో అయిదో వంతు నాలుగేళ్లుగా కూర్చుని తింటోందన్నమాట. ఒక్క జీపులోనే ఇంత సోమరితనం ఉంటే, జిల్లా మొత్తం మీద ఎంతుండాలి?"

చక్రం ఏమీ తినదని చెప్పబోయి మానుకున్నాను. అధికారుల ఉపమానాలు సరిదిద్దడం నా హోదాకి తగదు.

ఆ సాయంత్రానికల్లా 'సంపూర్ణ వినియోగ పక్షం' పుట్టింది. డిక్టేషను ఆయనది, భాష నాది. "ప్రభుత్వ ఆస్తులలో సోమరితనమునకు తావు లేదు. వాడకములో లేని ప్రతి వస్తువును పదిహేను దినములలోగా వాడకములోనికి తెచ్చి, అట్లు తెచ్చినట్లు నివేదించవలెను. ఏ కారణము చేతనైనను మినహాయింపు కోరరాదు." చివర్లో నా అంతట నేను ఒక పేరా చేర్చాను, ఆపద సమయంలో అక్కరకొచ్చేందుకు ఉంచిన వస్తువులకు ఈ ఉత్తర్వు వర్తించదని. రాజుగారు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు.

"ఆపద వస్తుందని మనమే రాసిస్తే ఎలాగండీ? ఎందుకు రానిస్తున్నారని పైనుంచి అడగరూ?"

నాకూ సబబుగానే తోచింది. నాలుగో పేరా మాత్రం పూర్తిగా నాదే. "ప్రభుత్వ వసతి గృహములలో నీరు పారు గొట్టములన్నియు, సొంతవైనను సర్కారువైనను, ఈ ఉత్తర్వు పరిధిలోనికి వచ్చును." ఎక్కడా లొసుగు ఉండకూడదని రాశాను. రాజుగారు రెండుసార్లు చదివి "భేష్" అన్నారు. ఆ భేష్‌తో వారం రోజులు కడుపు నిండిపోయింది నాకు.

నాలుగో రోజు నుంచి నివేదికలు రావడం మొదలైంది. ఇరవై ఏడేళ్లలో అంత సంతృప్తిగా ఎప్పుడూ కలపలేదు. జీపులున్న ప్రతి కార్యాలయమూ అయిదో చక్రాన్ని వారానికో మూల చొప్పున తిప్పుతున్నట్టు రాసింది. ఒక మండలం ఒకడుగు ముందుకేసి, బండి నడుస్తున్నంతసేపూ చేతి బ్రేకుని కూడా వాడుతున్నామని రాసింది. ఓ హాస్టల్లో అగ్నిప్రమాదాల కోసం పెట్టిన ఇసుక బకెట్లలో మెంతికూర పెంచి పిల్లలకి పప్పులో వేస్తున్నారు. రేవులో పడవల మీది రక్షక వలయాలు ప్రయాణికులకి తలకింద దిండ్లయ్యాయి. రెండు తాళంచెవులున్న బీరువాని సరి తేదీల్లో ఒకదాంతో, బేసి తేదీల్లో రెండోదాంతో తీస్తున్నారు. ఒక గోడౌన్లో కాపలాదారు పదకొండు నెలలుగా ఒక్క దొంగనీ పట్టకుండా ఖాళీగా ఉన్నట్టు గుర్తించి, గుమాస్తా ఒకాయన ప్రతి శుక్రవారం మూడు నుంచి మూడున్నర దాకా దొంగగా వ్యవహరించేట్టు, ఆయన్ని కాపలాదారు పట్టుకునేట్టు ఏర్పాటు చేశారు. కంటి ఆసుపత్రి ఒకటి కరెంటు ఉన్నప్పుడు కూడా జనరేటరు వేసి, రెంటికీ సమాన అవకాశం ఇస్తోంది.

అవన్నీ చదువుతుంటే ఒళ్లు పులకరించేది. ఒక కాగితానికి ఇంత శక్తి ఉంటుందా అనుకునేవాణ్ణి. ఆ కాగితాల్లో రాసింది జరిగి ఉండకపోవచ్చన్న అనుమానం నాకు ఏ కోశానా రాలేదు. సంతకం ఉంది, తేదీ ఉంది, గుండ్రటి ముద్ర ఉంది. ఇంకేం కావాలి?

పదో రోజున క్వార్టర్సులో ఉండేవాళ్లందరికీ ఒక ఫారం పంచారు. నేను తయారు చేసిన ఫారమే. మూడో గడిలో, 'వాడకంలో లేని గొట్టాల సంఖ్య'. మా మెట్ల దారిలో ఆరు కుటుంబాలు. అందరూ నిలబడే నింపేసి ఇచ్చేశారు. నేను మాత్రం ఇంటికి తెచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, వంటింటి నుంచి మొదలెట్టి ఇల్లంతా చూశాను. అన్నీ పారుతున్నాయి. హాల్లోకొచ్చి తొట్టి ముందు నిలబడ్డాను. మూడో గడిలో 'ఒకటి' అని రాశాను.

"అదేంటండీ, చేపల తొట్టి గురించి కూడా రాస్తారా?" అంది సత్యవేణి.

"నాలుగో పేరా ప్రకారం వస్తుంది."

"ఆ నాలుగో పేరా రాసిన మహానుభావుడు ఎవరో!"

నేనేనని చెప్పాను. ఆవిడ నా వంక చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు మొత్తం కలిపాను. జిల్లాలో లెక్కకొచ్చిన వస్తువులు లక్షా పద్నాలుగు వేల మూడువందల ఆరు. వాడకంలో ఉన్నవి లక్షా పద్నాలుగు వేల మూడువందల అయిదు. వాడకంలో లేనిది ఒకటి. పొరపాటేమోనని మూడుసార్లు కలిపాను. పొరపాటు లేదు.

కాగితం చూసి రాజుగారి మొహంలో రంగులు మారాయి. "నూటికి నూరు వస్తే రాష్ట్రం మొత్తం మీద మన జిల్లా ఒక్కటే, తెలుసునా? ప్రశంసాపత్రం, శాలువా. ఎవడయ్యా ఈ ఒకటి?"

"నేనేనండి."

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తరవాత సమావేశం పెట్టారు. ఆరుగురు అధికారులు, ఒక గొట్టం. ఎజెండా నేనే టైపు చేశాను. "అంశము: శ్రీ ఏడుకొండలు వసతి గృహమందలి మూడవ గొట్టము యొక్క నిరుపయోగ స్థితి."

"గొట్టం ఎన్నాళ్లుగా విధుల్లో ఉంది?" అని అడిగారొకరు.

"నెలన్నర అండి."

"ఈ నెలన్నరలో దాని ప్రగతి?"

"లేదండి."

"మిగతా రెండింటి సంగతి?"

"మొదటిది దాదాపు మొత్తం భారం మోస్తోందండి. రెండోది కొద్దిగా."

"ఇది అన్యాయం కదండీ," అన్నారు మహిళా శిశు విభాగం నుంచి వచ్చినావిడ. "ఒకదాని మీదే ఇంత ఒత్తిడా? భారం సమానంగా పంచాలి."

ఆ మాట అందరికీ నచ్చింది. మూడో గొట్టం ఎందుకు పొడిగా ఉండాలో నేను లేచి వివరించాను. ఆకు అడ్డం పడటం గురించి చెప్పాను. ఆకులు అడ్డం పడకుండా చూసుకోవలసిన బాధ్యత నాదేనని తేల్చారు. చివర్లో రాజుగారు బల్ల మీద వేలితో ఒక గడి గీసి చూపించారు.

"ఏడుకొండలుగారూ, ఎల్లుండికల్లా ఆ గడిలో నేను సున్నా చూడాలి. అది ఎలా వస్తుందన్నది మీకే వదిలేస్తున్నాను. మీరు అనుభవజ్ఞులు. తగు చర్య గైకొనండి."

తగు చర్య గైకొనడానికి తోడుగా మా ఆఫీసు ఇన్‌స్పెక్టరు కుడుపూడి భాస్కరంగారిని మా ఇంటికి పంపించారు. భాస్కరంగారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, తొట్టివైపు ఓ చూపు చూశారు.

"చేప బావుందండి చెల్లెమ్మగారూ. ఎంత ఠీవి!" అన్నారు సత్యవేణితో. తరవాత నాతో, "మాస్టారూ, మూడోదాంట్లో నీళ్లు పోతున్నట్టే కనబడుతోంది నాకు" అన్నారు.

"లేదండి. పొడిగా ఉంది."

"పోతున్నట్టే ఉందంటున్నాను కదా."

"లోపల చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది."

"చెయ్యెందుకండి? నా కళ్లకి ధార కనబడుతోంది. రాసేసుకోమంటారా?"

"మీకు శుక్లాలేమైనా ఉన్నాయేమోనండి. కంటి ఆసుపత్రిలో ఇప్పుడు జనరేటరు కూడా నడుస్తోంది, ఓసారి చూపించుకోండి."

భాస్కరంగారు ఖాళీ కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. లేచి చెప్పులేసుకుంటూ, "మీలాంటోళ్లతో దేవుడికి కూడా కష్టమేనండి" అన్నారు. నా నిజాయితీని మెచ్చుకున్నారనే అనుకున్నాను.

ఆ సాయంత్రం రంపం, కొత్త వాల్వులు తెచ్చాను. మూడో గొట్టాన్ని రెండంగుళాలు కోసి మిగతావాటితో సమానం చేశాను. మూడింటికీ వాల్వులు బిగించి, ఒక్కోదాంట్లో సరిగ్గా మూడోవంతు నీళ్లు పోయేలా సర్దాను. కొలతలో నాకు వంక పెట్టలేరు. మూడు గొట్టాలూ ఒక్కసారిగా గాలి మింగడం మొదలెట్టాయి. హాలంతా మోత. దొరగారు వెనక మూలకి పోయి, రాతి చాటున నక్కాడు.

"ఏవండీ, ఇప్పుడు ఒకదానికి అడ్డం పడితే?" సత్యవేణి గొంతు పెంచి అడిగింది, మోతలో వినపడాలి గనక.

"పడకుండా చూసుకోవాలి."

"పడితే?"

"మిగతా రెండూ సగం మూసి ఉన్నాయి కదా. పట్టవు. పొర్లుతుంది."

"తెలిసీ ఎందుకు చేస్తున్నారండీ?"

"ఉత్తర్వు."

"రాసింది మీరేగా!"

"అందుకే. రాసినవాడే పాటించకపోతే ఇంకెవరు పాటిస్తారు?"

ఆవిడకి ఏడుపొచ్చింది. "పదకొండేళ్లు పెంచానండీ వాణ్ణి. మీకు దండం పెడతాను, అది మానండి. కావలిస్తే పాత తొట్టిలోకి మార్చేస్తాను" అంది. మారిస్తే కొత్త తొట్టి గొట్టాలు మూడూ వాడకంలో లేనివి అవుతాయని వివరించాను. నిజానికి నాక్కూడా గుండెలో రాయి పడ్డట్టే ఉంది. కానీ మర్నాడు ఆ గడిలో సున్నా వేస్తున్నప్పుడు, ఆ సున్నా నిజమైన సున్నా అన్న గర్వం కూడా ఉంది. రెండూ ఉన్నాయి. దాచుకోవడం దేనికి?

జిల్లాకి నూటికి నూరు వచ్చింది. రాజుగారు పైకి ఫోను చేసి చెప్పారు. పైవాళ్లు శనివారం వస్తామన్నారు.

గురువారం మధ్యాహ్నం శాలువాల జాబితా తయారు చేస్తున్నాను. కింది అంతస్తు ఆయన ఫోను చేశాడు. "ఏడుకొండలుగారూ, మీ ఇంట్లోంచి నీళ్లు మా ఫ్యాను మీంచి కారుతున్నాయండి, ఇంట్లో ఎవరూ లేరా?" అన్నాడు. సత్యవేణి వాళ్ల అక్కగారింటికి వెళ్లింది. సైకిలు తీసి ఎలా తొక్కానో నాకే తెలీదు. నేను వెళ్లేసరికి ఆవిడ వచ్చేసి ఉంది.

తొట్టిలోని మొక్కది ఒక ఆకు, నా బొటనవేలంత ఉంటుంది, రెండో గొట్టం మూతికి అతుక్కుంది. మిగిలిన రెండూ తమకి కేటాయించిన మూడోవంతుకి మించి ఒక్క చుక్క దింపలేదు. నీళ్లు అంచుదాకా వచ్చాయి. నీళ్లు అంచుదాకా వస్తే ఆస్కార్ చేప ఎగురుతుంది. అది ఆ జాతి స్వభావం. పైనున్న రేకు మూతని తోసుకుని ఎగిరాడు.

సత్యవేణి తడి నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో దొరగారు. మళ్లీ నీళ్లలో వేసి, నోరు తెరిపించి, అటూ ఇటూ నడిపించి, చెయ్యగలిగిందంతా చేసిందట. మచ్చల రంగు వెలిసిపోయింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. పంట్లాం తడిసింది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బావుండునని ఎంత అనుకున్నానో చెప్పలేను.

"అరగంట ముందొచ్చుంటే" అంది. అంతే అంది.

క్వార్టర్సు వెనక, కాలవ గట్టున, ఇద్దరం కలిసి పూడ్చిపెట్టి వచ్చాం.

శుక్రవారం ఉదయం నేరుగా రాజుగారి గదిలోకి వెళ్లాను. చీటీ పంపకుండా, పిలవకుండా ఒక అధికారి గదిలోకి వెళ్లడం సర్వీసులో అదే మొదలు. శనివారం కార్యక్రమానికి పూలకుండీలు ఎక్కడ పెట్టాలో ఆయన చెబుతున్నారు. భాస్కరంగారు కూడా అక్కడే ఉన్నారు.

"సార్, ఆ ఉత్తర్వులో ఆపద వస్తువులకి మినహాయింపు పేరా మళ్లీ పెట్టాలండి," అన్నాను. "మా ఇంట్లో గొట్టాలు సమానం చెయ్యడం వల్ల నీళ్లు పొర్లి చేప పోయింది. జిల్లాలో రేపు పడవే మునగొచ్చు, హాస్టలే తగలబడొచ్చు. ఆ బకెట్లలో మెంతికూర ఉందండి."

రాజుగారు కుండీ సంగతి మరిచిపోయారు. "ఏవిటీ? మీరు గొట్టం నిజంగా కోశారా?"

"కోశానండి. సున్నా కావాలన్నారు కదండి."

"సున్నా కావాలన్నానయ్యా! గొట్టం కొయ్యమన్నానా?" ఆయన కుర్చీలోంచి లేచారు. నా భుజం పట్టుకుని కిటికీ దగ్గరకి తీసుకెళ్లారు. కింద జీపు ఉంది. అయిదో చక్రం ఎప్పటిలాగే వెనక తగిలించి ఉంది, దాని మీద బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. "అది దిగిందా? దిగుతుందా? ఎక్కడైనా దిగిందా జిల్లాలో? ఎవరైనా ఇసకలో మెంతికూర వేస్తారా? ఆ గుమాస్తా శుక్రవారం శుక్రవారం దొంగతనం చేస్తాడని నమ్మారా మీరు?"

"సంతకాలున్నాయి కదండి."

"ఉంటాయయ్యా! తెచ్చినట్లు నివేదించవలెను అని రాశాం. నివేదించారు. ఎవరి పని వాళ్లు చేశారు. చెయ్యమని ఎవరన్నారు నిన్ను?"

భాస్కరంగారు నేల చూపులు చూస్తూ, "ఆవేళ నీళ్లు పోతున్నాయని నేను అంటూనే ఉన్నానండి. ఈయనే ఒప్పుకోలేదు" అన్నారు.

రాజుగారు చెడ్డమనిషి కాదు. మంచినీళ్ల గ్లాసు నా ముందుకి జరిపారు. "ఎన్నేళ్ల చేప?" అని అడిగారు. పదకొండు అన్నాను. "అయ్యో" అన్నారు. అది పత్రాల భాష కాదు, మామూలు మనిషి అన్న అయ్యో. తరవాత ఆయనకి శనివారం గుర్తొచ్చింది. "అయితే ఇప్పుడు ఆ తొట్టి ఖాళీయేనా?" అన్నారు.

"ఆయ్."

"మళ్లీ ఒకటి చూపించకండి మాస్టారూ. మీకు పుణ్యం ఉంటుంది."

శనివారం శాలువాలు కప్పారు. ఉత్తర్వు రూపకర్తగా నాకూ ఒకటి కప్పారు. పైనుంచి వచ్చినాయన మాట్లాడుతూ, ఈ జిల్లాలో సోమరితనానికి ఒక్క గొట్టంలో కూడా చోటు లేదన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరూ కొడుతుంటే చేతులు ఊరుకోవు.

ఇంటికొచ్చాక అంతా సత్యవేణికి చెప్పాను. చక్రం సంగతి, బకెట్ల సంగతి, దొంగ సంగతి, ఏదీ దాచలేదు. ఆవిడ శాలువా మడతపెడుతూ వింది.

మూడు నెలలకి మళ్లీ ఫారాలొచ్చాయి. ఈసారి గడి పేరు మార్చాం, 'వసతి గృహములో వాడకంలో లేని వస్తువుల సంఖ్య'. హాల్లో తొట్టి అలాగే ఉంది. నీళ్లు తోడేశాం, మోటారు తీసేశాం, గాజుకి నీటి చార మిగిలింది. నేను దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, గడిలో సున్నా వేసి సంతకం పెట్టాను.

సత్యవేణి వచ్చి నా భుజం మీదుగా వంగి ఆ సున్నా చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

"ఎంతసేపు పట్టింది?"

కలం మూత పెట్టేంతసేపు కూడా పట్టలేదు.